ఇల్లు - వాకిలి: గ్యారేజీ తలుపు మీది స్ప్రింగు

ఈ నెల మేము వ్రాయబోయే వస్తువును మన ఊళ్ళలో చాలామంది చూసి ఉండరు. అయినా వ్రాయక తప్పడం లేదు. మన సంఘాలలో బిడ్డలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆరేసి నెలలు అక్కడ ఉండి వచ్చే తల్లిదండ్రులున్నారు. అక్కడికే మన పత్రిక తెప్పించుకొని చదివేవారున్నారు. అలా టెక్సాస్‌లో కూతురి ఇంట్లో ఉంటున్న ఒక పెద్దాయన మాకు ఉత్తరం వ్రాశారు.

ఒక ఉదయం ఇంట్లో అందరూ కాఫీ త్రాగుతుండగా గ్యారేజీలో తుపాకి పేలినట్టు చప్పుడైందట. పరుగెత్తి చూస్తే ఏమీ కనబడలేదు. కారు బయటికి తీద్దామని మీట నొక్కితే తలుపు జానెడు లేచి ఆగిపోయింది. పైన ఉన్న స్ప్రింగు రెండు ముక్కలైందని అప్పుడు తెలిసింది. "అల్లుడుగారు స్ప్రింగు తెప్పించి శనివారం తానే వేస్తానంటున్నారు, ఫోనులో వీడియో చూసి నేర్చుకున్నారట. అమ్మాయి వద్దంటున్నది. ఇద్దరి మధ్య నేను నలుగుతున్నాను. ఇది నిజంగా అంత ప్రమాదమా, లేక అమ్మాయి భయమా?" అని వారి ప్రశ్న.

అయ్యా, అమ్మాయి భయం న్యాయమైనదే. ఎందుకో వివరంగా చెబుతాము.

అమెరికాలో కార్ల షెడ్డు ఇంటిలో భాగంగానే ఉంటుంది. దాని తలుపు మన వాకిలి తలుపులా రెక్క తెరుచుకోదు. అడ్డంగా నాలుగైదు పలకలు కీళ్ళతో కలిపి ఉంటాయి. ఇరుప్రక్కలా ఉన్న పట్టాల వెంట అవి చక్రాల మీద పైకి పోయి కప్పు క్రింద పడుకుంటాయి. 1921కి ముందు అక్కడ కూడా కారు షెడ్డుకు ఎక్కువగా రెక్కల తలుపులే. ఆ సంవత్సరంలో సి. జి. జాన్సన్ అనే ఆయన ఇలా పైకి లేచే తలుపును తయారుచేశాడు. రెండు కార్లు పట్టే తలుపు 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉంటుంది. బరువు 150 నుంచి 250 పౌండ్ల దాకా, అంటే సుమారు 70 నుంచి 115 కిలోల దాకా ఉంటుంది. కర్రదైతే ఇంకా ఎక్కువ.

ఇంత బరువును గోడమీది చిన్న మీట నొక్కగానే మోటారు ఎత్తుతున్నదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆ మోటారు సామాన్యంగా అర హార్స్‌పవరుది. తలుపును ముందుకు వెనుకకు నడిపించడమే దాని పని. బరువు మోసేది స్ప్రింగు. బావిమీద ఏతం ఎలా పనిచేసేదో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఒక కొసన బాన బరువు, రెండో కొసన దానికి సమానమైన ఎదురు బరువు. ఈ తలుపుకు ఆ ఎదురు బరువు స్ప్రింగే. అది సరిగా ఉంటే 100 కిలోల తలుపును పదేళ్ళ పిల్లవాడు ఒక్క చేత్తో లేపగలడు. అది తెగిందా, ఇద్దరు మగవాళ్ళకు కూడా కష్టమే.

ఈ స్ప్రింగులు రెండు రకాలు. మొదటిది తలుపు పైన గోడకు అడ్డంగా ఉన్న ఇనుప గొట్టానికి చుట్టి ఉంటుంది. దీన్ని టార్షన్ స్ప్రింగు అంటారు. ఇది మెలి తిరిగి బలం దాచుకుంటుంది. ఆ గొట్టం రెండు చివరలా కప్పీలవంటివి ఉంటాయి. వాటినుంచి ఉక్కు తీగత్రాళ్ళు దిగి తలుపు అడుగు మూలలను పట్టుకుంటాయి. తలుపు క్రిందికి వస్తున్నకొద్దీ స్ప్రింగు బిగుస్తుంది. పూర్తిగా మూసినప్పుడు దాని బిగువు అన్నిటికంటె ఎక్కువ. పెద్దాయన వ్రాసినట్టు అందరూ ఇంట్లో ఉండగా, తలుపు మూసి ఉండగా, ఎవరూ తాకకుండానే అది తెగడానికి కారణం ఇదే. రెండవ రకం తలుపు పట్టాల ప్రక్కనే పొడవుగా సాగే స్ప్రింగు. దీన్ని ఎక్స్‌టెన్షన్ స్ప్రింగు అంటారు. పాత ఇళ్ళలోను, ఒక కారు తలుపులకును ఎక్కువగా కనబడుతుంది.

ఇక బలం ఎంతో లెక్క చూడండి. 70 కిలోల తలుపు పైకి లేవాలంటే, దాని బరువు మొత్తాన్ని సుమారు ఒక మీటరు ఎత్తుకు లేపిన శ్రమ కావాలి. అంటే నిండు ధాన్యం బస్తాను నేలమీదనుంచి ఒక మనిషి నడుము ఎత్తుకు లేపే శక్తి ఆ తీగచుట్టలో దాచిపెట్టి ఉందన్నమాట. ఆ శక్తి రెప్పపాటులో విడుదలైతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

టార్షన్ స్ప్రింగును బిగించేవాడు దాని కొసన ఉన్న ఇనుప దిమ్మెలోని రంధ్రాలలో రెండు ఉక్కు కడ్డీలు మార్చి మార్చి దూర్చి త్రిప్పుతాడు. 7 అడుగుల తలుపుకు సుమారు ఏడున్నర చుట్లు త్రిప్పాలి. ఒక్కొక్కసారి పావు చుట్టే వస్తుంది గనుక 30 సార్లు. ప్రతిసారీ ఒక కడ్డీ మీద బలమంతా నిలిచి ఉండగా రెండవదాన్ని దూర్చాలి. చుట్టు చుట్టుకూ బిగువు పెరుగుతుంది. 29వసారి చెయ్యి జారినా జారినట్టే. అప్పుడు కడ్డీ గిర్రున తిరిగి వేళ్ళను, మణికట్టును, ముఖాన్ని కొడుతుంది. కడ్డీలకు బదులు స్క్రూడ్రైవర్లు పెట్టి త్రిప్పేవారు కూడా ఉన్నారు. అవి ఆ రంధ్రంలో సరిగా కూర్చోవు, జారతాయి. వీడియోలో పని చేసేవాడు పది నిమిషాలలో ముగిస్తాడు. ఆయన అంతకుముందు ఎన్ని వందల తలుపులు బిగించాడో వీడియో చెప్పదు.

దీన్ని స్వయంగా చేసుకునేవారు లేరని మేము అనడం లేదు. సరియైన కడ్డీలు, సరియైన కొలతలు, యంత్రాలతో పని చేసిన చెయ్యి ఉన్నవారు కొందరు చేసుకుంటారు. అయితే జీవితంలో ఒక్కసారి చేసే పనికి, అందునా బిడ్డలు గల తండ్రి, ఈ సాహసం ఎందుకు చేయాలన్నదే మా ప్రశ్న. మనిషిని పిలిపిస్తే సామాన్యంగా రెండు మూడు వందల డాలర్లు, పెద్ద తలుపైతే ఇంకొంత అవుతుంది. స్వయంగా చేస్తే అందులో సగానికి పైగా మిగలవచ్చు. ఆ మిగులు ఎంత విలువైనదో ఇంటివారే ఆలోచించుకోవాలి.

స్ప్రింగు ఎందుకు తెగుతుందని కొందరికి అనుమానం. నాసిరకం సరుకు వేశారని ఇల్లు కట్టినవారిని తిట్టుకుంటారు. తీగను ఒకేచోట అటూ ఇటూ వంచుతూ ఉంటే కొంతసేపటికి అది తెగిపోవడం మనందరం చూశాము. స్ప్రింగుకు జరిగేదీ అదే. మామూలు స్ప్రింగును 10,000 మార్లు తెరిచి మూయడానికి లెక్కకట్టి తయారుచేస్తారు. ఒకసారి తెరిచి ఒకసారి మూస్తే ఒక మారు. రోజుకు రెండు మార్లు వాడే ఇంట్లో అది 13 సంవత్సరాలు దాటి వస్తుంది. నాలుగు మార్లు వాడితే ఏడేళ్ళకు కొంచెం తక్కువ. ఆరు మార్లు వాడితే నాలుగున్నర ఏళ్ళు.

మన తెలుగు ఇళ్ళ సంగతి ఇక్కడే ఆలోచించాలి. అక్కడి మనవారికి ముందు తలుపు పేరుకే. సింహద్వారం గ్యారేజీయే. చెప్పులు విడిచేది అక్కడ. బియ్యం బస్తాలు, రెండవ ఫ్రిజ్జు అక్కడ. ఇల్లంతా వాసన రాకూడదని చేపల పులుసు కాచుకునే పొయ్యి కూడా చాలా ఇళ్ళలో అక్కడే. గృహ కూటము ఉన్న రోజున బిర్యానీ డేగిసా ఎక్కేదీ అక్కడే. ఉద్యోగాలకు ఇద్దరు వెళ్ళాలి, పిల్లలు బడినుంచి రావాలి, తాతగారు సాయంకాలం నడకకు వెళ్ళాలి, అందరికీ అదే దారి. అటువంటి ఇంట్లో తలుపు రోజుకు ఎనిమిది మార్లు లేచినా ఆశ్చర్యం లేదు. ఇల్లు కొని నాలుగైదేళ్ళే అయింది, అప్పుడే ఎలా తెగిందని అడిగేవారు ఒక్కరోజు లెక్కపెట్టి చూడండి. కాళ్ళకు శ్రమ లేనివారు ముందు తలుపునుంచి తిరిగితే స్ప్రింగు ఆయుష్షు అంత పెరుగుతుంది. దీనికి ఖర్చేమీ లేదు.

తుప్పు దీనికి రెండవ శత్రువు. తుప్పు పట్టినచోట తీగమీద చిన్న చిన్న గుంటలు పడతాయి, చీలిక అక్కడే మొదలవుతుంది. చలి మూడవది. మంచు దేశాలలో గడ్డకట్టే ఉదయాలలో ఎక్కువ స్ప్రింగులు తెగుతాయని ఆ పని చేసేవారికి అనుభవం.

తెగకముందు కొన్ని గుర్తులు కనబడతాయి. మోటారు మునుపటికంటె మూలుగుతుంది. తలుపు ఒక ప్రక్క ముందుగా, ఒక ప్రక్క ఆలస్యంగా లేస్తుంది. తీగత్రాడులో పోగులు లేచి ఉంటాయి, లేదా త్రాడు వదులై వ్రేలాడుతుంది. సాగే స్ప్రింగు అయితే తలుపు తెరిచి ఉన్నప్పుడు కూడా చుట్లు కలుసుకోకుండా ఎడం ఎడంగా ఉంటాయి. టార్షన్ స్ప్రింగు తెగిపోయిందా లేదా అన్నది నేలమీద నిలబడి చూస్తేనే తెలుస్తుంది. వరుసగా ఉన్న చుట్ల మధ్య రెండంగుళాల ఖాళీ కనబడుతుంది. నిచ్చెన ఎక్కి తాకి చూడనవసరం లేదు.

స్ప్రింగు తెగలేదని రూఢి చేసుకున్న తరువాత, మూడు నెలలకొకసారి ఒక చిన్న పరీక్ష ఇంటివారు చేసుకోవచ్చు. తలుపు పూర్తిగా మూసి ఉండగా మోటారు కరెంటు తీసివేయండి. మోటారు దారినుంచి వ్రేలాడే ఎర్ర త్రాడును లాగితే తలుపు మోటారునుంచి విడిపోతుంది. అప్పుడు చేతితో మెల్లగా ఎత్తండి. సులువుగా లేచి, నడుము ఎత్తున వదిలితే అక్కడే నిలవాలి. జారి పడిపోతుంటే స్ప్రింగు బలం తగ్గింది. తనంతట తాను పైకి పోతుంటే అతిగా బిగించారు. రెండూ మంచివి కావు, రెంటికీ పనివాడినే పిలవాలి. ఎత్తేటప్పుడు పలకల మధ్య సందులో వేళ్ళు పెట్టకండి, పిడిని మాత్రమే పట్టుకోండి.

ఆ ఎర్ర త్రాడు గురించి ఒక హెచ్చరిక. పెద్దవారు ముఖ్యంగా వినండి. తలుపు పైకి లేచి ఉన్నప్పుడు దాన్ని ఎన్నడూ లాగకూడదు. స్ప్రింగు తెగి ఉంటే తలుపును పట్టి ఉంచేది ఆ మోటారు బంధం ఒక్కటే. త్రాడు లాగిన మరుక్షణం వంద కిలోల బరువు క్రింద ఉన్నవాడి తలమీదికి వస్తుంది. కరెంటు పోయిందని, కారు బయట పెట్టాలని తొందరపడి లాగి దెబ్బలు తగిలించుకోవద్దు. సగం తెరుచుకొని ఆగిన తలుపు క్రిందనుంచి వంగి దాటడం కూడా వద్దు, ఎంత తొందర ఉన్నా సరే.

నూనె వేయడం ఇంటివారు చేసుకోదగిన పనే. ఏడాదికి రెండు మూడు మార్లు స్ప్రింగు చుట్లమీద, కీళ్ళమీద, చక్రాల ఇరుసులమీద తేలికైన నూనె గాని, సిలికాన్ స్ప్రే గాని చల్లితే తుప్పు తగ్గుతుంది, కిర్రుమనే చప్పుడు పోతుంది. పట్టాలలో మాత్రం వేయవద్దు. వాటిని గుడ్డతో తుడిస్తే చాలు. తలుపు అడుగు మూలల్లో తీగత్రాడు తగిలించిన ఇనుప ముక్క ఉంటుంది. చాలా తలుపులకు దాని మరలకు ఎర్ర రంగు పూసి ఉంటారు. ఆ రంగు అందానికి కాదు. స్ప్రింగు బలమంతా ఆ మూలను పట్టి ఉంటుంది, దాన్ని విప్పవద్దని అర్థం. గోడమీద స్ప్రింగును పట్టి ఉంచే ముక్క సంగతీ ఇంతే.

సాగే స్ప్రింగులు గలవారు ఇంకొక సంగతి చూసుకోవాలి. ఆ స్ప్రింగు నడుమనుంచి ఒక సన్నని ఉక్కు త్రాడు పోయి రెండు చివరలా కట్టి ఉందా? స్ప్రింగు తెగినా ముక్కలు ఎగిరిపోకుండా ఆ త్రాడు పట్టి ఉంచుతుంది. అది లేకపోతే తెగిన ముక్క కారు అద్దాన్నైనా, ఆడుకునే బిడ్డనైనా కొట్టవచ్చు. పాత ఇళ్ళలో చాలాచోట్ల ఈ త్రాడు ఉండదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనం చదివినవారికి గుర్తుండవచ్చు. క్రొత్తగా ఇల్లు కట్టుకున్న ఇశ్రాయేలీయుడు మిద్దెమీద చుట్టూ అడ్డుగోడ పెట్టాలి. ఎవరైనా జారి పడితే ఆ దోషం ఆ ఇంటిమీద నిలుస్తుందని మోషే హెచ్చరిక. అడ్డుగోడ ఇంటి యజమాని ఒక్కడి కోసం చెప్పినది కాదు, ఆ ఇంటికి వచ్చిపోయే ప్రతివారి కోసం చెప్పినది. గృహ కూటానికి వచ్చిన పిల్లలు గ్యారేజీలోనే కదా ఆడేది. ఇల్లు అద్దెకు తీసుకున్నవారైతే ఆ త్రాడు వేయించమని ఇంటి యజమానిని అడగడానికి మొహమాటపడకండి. ఇల్లు అద్దెకు ఇచ్చిన మన విశ్వాసులు కొందరున్నారు. వారు అడిగించుకోకుండానే వేయిస్తే ఇంకా మంచిది.

పిల్లల మాట వచ్చింది గనుక మరొకటి. మూసుకుంటున్న తలుపు క్రిందనుంచి దూరి పరుగెత్తడం అక్కడి పిల్లలకు ఒక ఆట. అమెరికాలో 1993 జనవరి 1 నుంచి ఇళ్ళకు తయారయ్యే ప్రతి గ్యారేజీ మోటారుకు, ఏదైనా అడ్డం వస్తే తలుపు వెనుకకు తిరిగే ఏర్పాటు చట్టప్రకారం ఉండాలి. తలుపు ఇరుప్రక్కలా నేలనుంచి ఆరంగుళాలు మించని ఎత్తులో రెండు చిన్న కళ్ళవంటివి కనబడేవి ఇందుకే. నెలకొకసారి పరీక్షించండి. మూసుకుంటున్న తలుపు ఎదుట ఆ కళ్ళ ఎత్తున చీపురు కర్ర ఆడిస్తే తలుపు తిరిగి లేవాలి. మరొక పరీక్ష, తలుపు దిగేచోట నేలమీద ఒకటిన్నర అంగుళం మందం గల చెక్క పరిచి మూయండి. చెక్కను తాకగానే వెనుకకు పోవాలి. పోకపోతే బాగుచేయించేవరకు మోటారు వాడవద్దు. అయితే స్ప్రింగు బలహీనమైన తలుపుకు ఈ కళ్ళను నమ్ముకొని ఊరుకోకూడదు. మోటారు ఆగినా తలుపు తన బరువుకు తాను జారవచ్చు.

ఇప్పుడు మార్పించే విషయం. స్ప్రింగు తెగిన తలుపుకు మళ్ళీ మళ్ళీ మీట నొక్కకండి. బరువు మోయడానికి చేసినది కాదు గనుక మోటారు లోపలి పళ్ళచక్రం అరిగిపోతుంది. స్ప్రింగుతో పోయేది మోటారు దాకా వస్తుంది. కారు లోపల చిక్కుకుంటే ఆ ఒక్కరోజు ఎవరినైనా తోడు అడిగి వెళ్ళండి. సంఘస్థులు ఉన్నది అందుకు కూడా.

పనివాడిని పిలిచేటప్పుడు ఫోనులోనే నాలుగు ప్రశ్నలు అడగాలి. స్ప్రింగులు, కూలి, రాకపోకలు అన్నీ కలిపి ఎంత? ఎన్ని మార్లకు లెక్కకట్టిన స్ప్రింగు వేస్తారు? రెండూ మారుస్తారా? పని అయ్యాక తలుపు తూకం మా ఎదుట చూపిస్తారా? రెండు స్ప్రింగులున్న తలుపుకు ఒకటి తెగితే రెండవది కూడా అన్నే మార్లు తిరిగినదే. అది కొద్ది నెలల్లో తెగుతుంది, మళ్ళీ కూలి ఇవ్వాలి. కాబట్టి రెండూ ఒకేసారి మార్పించడం దుబారా కాదు. రోజంతా తలుపు వాడే ఇంటికి 20,000 లేక 25,000 మార్ల స్ప్రింగు అడగండి. తీగ లావుగా, పొడవు ఎక్కువగా ఉంటుంది. ధర కొంత ఎక్కువైనా కూలి ఒకటే గనుక గిట్టుబాటవుతుంది. "జీవితకాలం హామీ" అన్న మాట వినగానే మురిసిపోవద్దు. ఆ హామీ తరచుగా స్ప్రింగుకే గాని కూలికి ఉండదు. తక్కువ ధర చెప్పి ఇంటికి వచ్చాక చక్రాలు, త్రాళ్ళు, గొట్టం, చివరకు మోటారు కూడా మార్చాలనే వారున్నారు. అరిగినది ఏదో చేతితో చూపించమనండి. చూపించలేకపోతే వద్దని మర్యాదగా పంపివేయండి.

అల్లుడుగారి చేతికి పనే లేదని అనుకోవద్దు. కొలతలు తీసి పెట్టుకోవడం మంచి పని, దూరంనుంచే కాదు, పనివాడు పాత స్ప్రింగు దింపిన తరువాత సావకాశంగా చేయవచ్చు. 20 చుట్ల పొడవు కొలిచి 20తో భాగిస్తే తీగ మందం వస్తుంది. ఐదంగుళాలు ఉంటే తీగ పావు అంగుళం. లోపలి వ్యాసం, మొత్తం పొడవు, ఎడమ మెలికా కుడి మెలికా అన్నది, వేసిన తేదీ, ఇవన్నీ కాగితంమీద వ్రాసి గ్యారేజీ గోడకు అంటించాలి. మరోసారి తెగినప్పుడు వచ్చినవాడు ఏ స్ప్రింగు పడితే ఆ స్ప్రింగు వేయకుండా ఆ కాగితం కాపాడుతుంది. నూనె, తూకం పరీక్ష, చెక్క పరీక్ష, ఇవీ ఆయనవే. పెద్దాయన నోటితో ఇదంతా చెప్పి అల్లుడితో మాట పడనక్కరలేదు. ఈ పేజీ విప్పి బల్లమీద పెడితే చాలు.

మన ఊళ్ళలోని వారు ఇది తమకు సంబంధించనిదని పేజీ త్రిప్పివేయకండి. బజారులో కొట్టు షట్టరు పైన చుట్టుకునే గుండ్రని పెట్టెలో ఉన్నదీ ఇటువంటి మెలిక స్ప్రింగే. తెల్లవారి లేచి షట్టరు ఎత్తలేక ఇద్దరు పట్టుకుంటున్నారంటే, లేక ఎత్తిన షట్టరు నిలవక కర్ర పోటు పెడుతున్నారంటే స్ప్రింగు అలసిందని అర్థం. కర్ర పోటు పెట్టిన షట్టరు క్రింద కూర్చొని వ్యాపారం చేసేవారిని మేము చాలామందిని చూశాము. కొనడానికి వచ్చిన బిడ్డ కాలు ఆ కర్రకు తగిలితే చాలు. షట్టర్లు బిగించేవారు ప్రతి పట్టణంలో ఉన్నారు. ప్రక్క గాడులను నెలకొకసారి తుడిపించి, ఏడాదికొకసారి స్ప్రింగు బిగువు చూపించండి. ఆ పని జరిగేంతసేపు కొట్టులోని కుర్రవాణ్ణి పనివాడికి సాయంగా నిచ్చెన ఎక్కించకండి. వాడు దూరంగా నిలబడి చూస్తే చాలు.